గుల్‌... మర్గ్... చల్తే క్యా?

లాల్‌దర్వాజా దాటి లోపలికి పోతే ఒక ఇరుకు గల్లీ ఉండేది. పగలు ఆ గల్లీలో మేకలు పడుకునేవి, పిల్లలు గోళీలాడేవాళ్ళు, ముసలమ్మలు గడపల్లో కూచుని ఊరి సంగతులన్నీ చెప్పుకునేవాళ్ళు. దీపాలు పెట్టే వేళ దాటిందా — ఒక్క నరపురుగు అటు కనిపించేది కాదు.

కారణం, మర్గ్ దేవిడీ.

ఎప్పుడో ఒక జాగీర్దారు కట్టించుకున్న ఇల్లది. గుర్రపు బగ్గీ నేరుగా లోపలికి పోయేంత దర్వాజా. జాగీర్లు రద్దయ్యాక ఆ కుటుంబం సామాను సర్దుకొని దేశం దాటిపోయింది. దర్వాజాకు కొబ్బరికాయంత తాళం పడింది. తాళానికి తుప్పు, తుప్పు మీద సాలెగూడు.

ఇల్లన్నాక ఖాళీ పడటం వింతేమీ కాదు. ఆ ఖాళీ ఇల్లు మాట్లాడటం వింత.

ముందు ఒక చప్పుడు... టక్! తర్వాత ఏదో దొర్లుతున్నట్టు... గడగడగడ... ఆఖర్న, టంగ్! కాసేపు ఏమీ ఉండదు. ఆ తర్వాత దర్వాజా పైనున్న జాలీ కిటికీలోంచి మనిషి గొంతు. మాటమాటకీ ఊపిరి తెగిపోతున్న గొంతు —

"గుల్‌... మర్గ్... చల్తే క్యా?"

ఆ రోజుల్లో పాతబస్తీలో ఉర్దూ రానివాడు లేడు. దీపం ఆరిపోతే 'చిరాగ్ గుల్ హోగయా' అంటారు. మర్గ్ అంటే చావు. 'దీపం ఆరింది... చావు... వస్తావా?' అని చీకటి కిటికీ అడుగుతుంటే ఎవడు నిలబడి జవాబు చెప్తాడు?

పాలమ్మే రాజన్న ఆ పిలుపు విన్న వారానికే వాళ్ళ బర్రె చచ్చింది. బర్రె ముసలిదన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. చీరలమ్మే ఒకాయన ఉరికి ఉరికి మురికి మోరీలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అదీ దయ్యం నెత్తినే పడింది. లోపల దొర్లేది పుర్రె అని ఒకరు, కాదు సంకెలకు కట్టిన ఇనపగుండు అని ఇంకొకరు. చూసొచ్చినవాడు ఒక్కడూ లేడు గానీ, చెప్పేవాళ్ళకు కొదవ లేదు.

ఈ కథ మా దాకా తెచ్చింది రిక్షా మొగులయ్య. కొంత తాను కళ్ళారా చూసింది. మిగతాది రామలింగం తన నోటితో అతనికి చెప్పింది.

రామలింగం సర్కారు దఫ్తర్లో గుమాస్తా. ఉర్దూ బడిలో చదువుకున్నవాడు. ఆయన దస్తూరీ ముత్యాల కోవలా ఉంటుందని పక్క గదుల వాళ్ళు వచ్చి చూసిపోయేవారట. అంతలో రాష్ట్రం మారింది. దఫ్తర్లో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. కోస్తా నుంచి కొత్తవాళ్ళు వచ్చారు. వాళ్ళు మంచివాళ్ళే, కానీ ఈయన ఏదన్నా అంటే "ఏంటండీ?" అని మళ్ళీ అడిగేవారు. అదే మాట రెండోసారి చెప్పడానికి సిగ్గేసి, ఆయన మెల్లగా మాట్లాడటమే తగ్గించుకున్నాడు.

ఇంటి దగ్గరన్నా మాటలున్నాయా అంటే అదీ లేదు. భార్య కాపురానికొచ్చిన కొత్తలోనే కలరాతో పోయింది. మళ్ళీ చేసుకోమని పోరేందుకు అమ్మ గానీ నాన్న గానీ మిగల్లేదు. రుక్మాబాయి అనే పెద్దావిడ ఇంట్లో వెనక గది అద్దెకు తీసుకొని ఉండేవాడు. దఫ్తర్ నుంచి నేరుగా ఆ గదికి పోతే సాయంత్రం ఎంతకీ గడవదు. అందుకని చార్మినార్ పక్కన ఇరానీ హోటల్లో ఒక చాయ్ ముందు పెట్టుకొని కూచునేవాడు. ఎవరో వచ్చి "యే కుర్సీ ఖాలీ హై?" అని అడిగేవాడు. ఈయన గబగబా తల ఊపేవాడు, వచ్చి ఎదురుగా కూచుంటాడేమోనని. వాడు ఆ కుర్చీ ఎత్తుకొని తన దోస్తుల దగ్గరికి పట్టుకుపోయేవాడు.

రోజూ ఇదే తంతు.

హోటల్ నుంచి గదికి రెండు దారులు. ఒకటి బజారు చుట్టు తిరిగేది, ఒకటి దేవిడీ ముందు నుంచి పోయేది. రామలింగం ఎప్పుడూ చుట్టుదారే పట్టేవాడు. ధైర్యం విషయంలో ఆయన గొప్పలు చెప్పుకున్నవాడు కాడు.

ఒక వానాకాలం సాయంత్రం కుండపోతగా కురిసింది. బజారు దారంతా మోకాలి లోతు నీళ్ళు. చెప్పులు చేత పట్టుకొని, పంచె పైకెగ్గట్టి, గుండె గుప్పిట్లో పెట్టుకొని దేవిడీ గల్లీలోకి తిరిగాడు.

వాన వెలిసింది. చూరుల నుంచి చుక్కలు పడుతున్నాయి. గల్లీలో ఒక్క దీపం లేదు.

టక్!

ఆయన కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి.

గడగడగడ... టంగ్!

పైన జాలీ కిటికీ వెనక ఏదో తెల్లగా మెదిలింది.

"గుల్‌... మర్గ్... చల్తే క్యా?"

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎవరన్నా పలకరిస్తే జవాబు చెప్పకుండా పోకూడదన్నది ఉర్దూ బడిలో మౌల్వీసాబ్ బెత్తంతో నేర్పిన మర్యాద. పోయేటప్పుడు 'పోత' అనకూడదన్నది ఇంట్లో అమ్మ నేర్పిన మర్యాద. పోత అనేవాడు చచ్చేవాడే. బతికి తిరిగొచ్చేవాడు 'పోయొస్త' అనాలి. తొందరుంటే 'వస్త' అంటే చాలు. ఈ రెండు మర్యాదలూ కలిసి ఆ రాత్రి రామలింగం కొంప ముంచాయి.

"వస్త!" అన్నాడు నోరు పిడచగట్టుకుపోతుంటే. "వస్తనండీ, వస్త!"

అని ఒకటే ఉరుకు.

వెనక నుంచి ఆ గొంతు తరుముకొచ్చింది. ఈసారి తెలుగులో —

"వస్తవా?... నిజంగ వస్తవా?... మాట మీదుండాలె మల్ల!"

తెల్లారేసరికి రామలింగానికి ఒళ్ళు కాలిపోతున్నది. రుక్మాబాయి మిరియాల కషాయం పట్టుకొచ్చి, సంగతంతా విని, గ్లాసు కింద పెట్టి నెత్తి కొట్టుకుంది.

"వస్త అన్నవా? దయ్యానికి మాటిచ్చినవా తమ్మీ!"

"మాటియ్యలే అక్కా. నేను పోతున్న అని చెప్పెతందుకు వస్త అన్న. మనం అనమా రోజు?"

"మనం అంటం. మనకు తెలుస్తది. దయ్యానికి తెలుస్తదా నీ వస్త ఏ వస్తనో?"

రామలింగం మనసులో లెక్క వేసుకున్నాడు. వినేవాడి తప్పేముంది? చావు 'వస్తావా' అని అడిగింది, తను 'వస్త' అన్నాడు. కాయితం మీద రాసి ఏ వకీలుకు చూపించినా ఒప్పందం కుదిరిందనే అంటాడు.

"ఇప్పుడేం జెయ్యాలె?"

"ఇచ్చిన మాట ఇచ్చిన కాడ్నే వాపస్ తీస్కోవాలె. గదే టైముకు, గదే కిటికీ కింద నిలబడి, రాను అని గట్టిగ చెప్పి రా. ఎనకకు తిరిగి చూడకు."

జ్వరం తగ్గినాక, ఒక జేబులో నిమ్మకాయ, ఒక జేబులో వేపరెమ్మ వేసి పంపింది. తోడు రమ్మంటే మాత్రం మోకాళ్ళ నొప్పులన్నది.

మళ్ళీ అదే గల్లీ. ఆకాశంలో సగం చంద్రుడు. ఫలక్‌నుమా వైపు నుంచి రైలు కూత దూరంగా వినిపించి ఆగిపోయింది. రామలింగం కిటికీ కింద నిలబడి నిమ్మకాయ గట్టిగా పట్టుకున్నాడు. దారి పొడుగునా నేర్చుకుంటూ వచ్చిన మాట ఒక్కటే... రాను. రెండక్షరాలు. అంతే.

"నేను..." అన్నాడు.

"వచ్చినవా!" అన్నది కిటికీ.

ఆ గొంతులో ఊపిరాడకపోవడం అట్లాగే ఉంది. కానీ దాని వెనక ఇంకేదో ఉంది.

"దినాం గీ కిటికీల్నే కూసుంటున్న... నువ్వొస్తవని. రావేమో అనుకున్న... అందరు ఉరుకుతరు. ఎవ్వర్ని పిల్సినా ఉరుకుతరు. నువ్వొక్కనివే వస్త అన్నవు."

రామలింగం నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. ఆ గొంతు ఆయనకు తెలుసు. మనిషి తెలియదు, గొంతులో ఉన్నది తెలుసు. హోటల్లో కుర్చీ ఎత్తుకుపోయేవాడికి "లేజాయియే", తీసుకుపొండి అని చెప్పేటప్పుడు తన గొంతు సరిగ్గా అట్లాగే ఉంటుంది. దయ్యానికి ఆ గొంతు ఎట్లా వచ్చింది?

"ఎవరు మీరు?" అన్నాడు మెల్లగా.

"మున్షీ వైకుంఠం. ఈ దేవిడీల లెక్కలు రాసే మున్షీని. ముంగట తాళం ఉన్నది గని, ఎన్క గల్లీల చిన్న తలుపున్నది, నా రాకడ పోకడ గాణ్నుంచే. గొళ్ళెం పెట్టలే... రా తమ్మీ."

వెళ్ళాలా, ఉరకాలా? ఆ చిన్న తలుపు నెట్టేదాకా ఆయనకే తెలియదు.

లోపల మసిబారిన లాంతరు, చిన్న వాకిలి, ఎండిపోయిన నీటి హౌజు. హౌజు పక్కన ఒక ముసలాయన. చెవుల చుట్టూ తెల్లటి మఫ్లరు, మీద పాత ఉన్ని కోటు. చేతిలో కింద వంకర తిరిగిన సన్నటి కర్ర. రామలింగం ముందు కాళ్ళ వైపు చూశాడు. పాదాలు ముందుకే ఉన్నాయి. వేళ్ళ సందున మట్టి కూడా ఉంది. ప్రాణం కాస్త కుదుటపడింది.

"ఏంది గా కర్ర?"

"గోల్ఫ్ కర్ర. మా సర్కార్‌ది. పాతది పారేస్తే దాచుకున్న."

ముసలాయన నేల మీద ఒక తెల్లటి బంతిని సర్ది, నడుం వంచి, కర్రతో తగిలించాడు. టక్! బంతి బండల మీద దొర్లింది. గడగడగడ... చివర్న మట్టిలో పాతిన ఇత్తడి గ్లాసులో పడింది. టంగ్!

ఊళ్ళో పుర్రె అని చెప్పుకున్నది అది.

"ఏం లేదు, గోళీలాట లెక్కనే," అన్నాడు మున్షీ. "నవాబులకు నడుము వంగదు గదా, అందుకని కర్రతోని ఆడుతరు."

రామలింగానికి నవ్వొచ్చింది. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

ఆ రాత్రి మున్షీ చెప్పిన సంగతి ఇది. దేవిడీ సర్కార్ ప్రతి ఎండాకాలం కాశ్మీరులో గుల్‌మర్గ్ పోయేవాడు. కొండ మీద మంచు కరిగిన చోట పెద్ద పచ్చిక, ఆ పచ్చిక మీద దొరలతో గోల్ఫాట. ప్రయాణం ఏర్పాటంతా వైకుంఠానిదే. ఏ రైలుకు పెట్టె పెట్టాలి, ఏ టేషన్లో పూరీలు బాగుంటాయి, టంగ్‌మర్గ్ దగ్గర గుర్రాలెవరు తెస్తారు, ఉన్ని బట్టల్లో ఎన్ని కర్పూరం బిళ్ళలు వేయాలి — అన్నీ ఆయన నోటి చివర ఉండేవి. సర్కార్ ఏటా రైలెక్కేటప్పుడు భుజం తట్టి "అగ్లే సాల్ తుమ్ భీ చలో, మున్షీ", వచ్చే ఏడు నువ్వూ రా, అనేవాడు. ఏటా వైకుంఠం తన పక్కబట్టల హోల్డాల్ కూడా కట్టి పెట్టుకునేవాడు. రైలు వెళ్ళిపోయాక ఇంటికొచ్చి విప్పుకునేవాడు. జీవితమంతా అట్లాగే గడిచింది. పేరులోనే వైకుంఠం పెట్టుకున్నవాడు గుల్‌మర్గ్ మొహం చూడలేదు.

"సర్కార్ దేశం ఇడ్సిపోయిండు. చాబీ నా చేతుల పెట్టి పోయిండు. ఇంటిది ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఇప్పుడు నన్నాపేటోడెవడు? పోదాం అనుకున్న." మున్షీ దగ్గి, ఊపిరి తీసుకున్నాడు. "గని ఒక్కన్ని పోయి ఏం జెయ్యాలె తమ్మీ? ఆడ మంచు చూస్త. అబ్బా... అంట. ఎవరికి చెప్పాలె? పక్కన ఒక్క మనిషుండాలె. అందుకే పోయేటోళ్ళను పిలుస్తున్న. ఎవ్వరు జవాబియ్యరు."

"ఎట్లిస్తరు మున్షీ సాబ్? మర్గ్ అంటే చావు గదా!"

మున్షీ అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. "అరె... కాశ్మీరోళ్ళ మాటల మర్గ్ అంటే పచ్చిక బయలు. గుల్‌మర్గ్ అంటే పువ్వుల బయలు!" అని పగలబడి నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గేసరికి కళ్ళ నిండా నీళ్ళు.

"అందుకా ఉరికిండ్రు?... నేనేమో నాతోని మాట్లాడుడు ఇష్టం లేక అనుకున్న."

రామలింగం నిమ్మకాయ తీసి లాంతరు పక్కన పెట్టాడు. ఇద్దరూ దాన్ని షర్బత్ చేసుకొని తాగారు.

ఆనాటి నుంచి ఆయనకు సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఆత్రం. ఇరానీ హోటల్ మానేశాడు. రుక్మాబాయికి అంతా విడమరిచి చెప్తే, "దయ్యం చెప్పిన అర్థం నమ్ముతవా తమ్మీ?" అని కొట్టిపారేసింది. రోజూ దేవిడీకి పోయి నవ్వుకుంటూ తిరిగొచ్చేవాణ్ణి చూసి, పూనిందనే నిర్ధారణకు వచ్చింది. గల్లీలో ఇప్పుడు రెండు గొంతులు వినిపిస్తున్నాయని, దయ్యం పెళ్ళి చేసుకుందని పుకారు లేచింది.

లోపల జరుగుతున్నది ప్రయాణం ఏర్పాటు. నేల మీద రైళ్ళ పుస్తకం పరిచి, లాంతరు దగ్గరికి జరుపుకొని కూచునేవారు. ఢిల్లీ దాకా ఒక రైలు, పఠాన్‌కోట్ దాకా ఇంకొకటి, అక్కడ్నుంచి బస్సు. కాశ్మీరుకు పోవాలంటే అప్పట్లో పర్మిట్ కావాలి. అది రామలింగం దఫ్తర్ ద్వారా రాయించాడు, ఇద్దరికీ. వైకుంఠం కొండ ఎక్కేటప్పుడు గుర్రం మీద ఎట్లా కూచోవాలో హౌజు గట్టు మీద కూచుని చూపించేవాడు. ఆయనా ఎప్పుడూ గుర్రమెక్కలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మంచులో జారి పడితే ఎవరు ఎవర్ని లేపాలి అన్నదాని మీద ఒక సాయంత్రమంతా వాదించుకున్నారు.

బంతి గ్లాసులో పడి టంగ్‌మన్నప్పుడల్లా మున్షీ "అగో, టంగ్‌మర్గ్ వచ్చింది! గుల్‌మర్గ్ ఇగ పైన్నే!" అనేవాడు.

రామలింగం లేచి "వస్త మున్షీ సాబ్" అంటే, రోజూ ఒకటే పరాచికం —

"ఏ వస్త? పోయే వస్తనా, వచ్చే వస్తనా?"

"రెండూ," అనేవాడు రామలింగం.

ఎండలు ముదిరాయి. సెలవు మంజూరైంది. టికెట్లు వచ్చాయి. మున్షీ దగ్గు మాత్రం తగ్గలేదు. రాత్రుళ్ళు పడుకోలేక కూచునే నిద్రపోతున్నాడు. అయినా హోల్డాల్ ముందే కట్టేశాడు. పట్టీలు బిగించి, దాని మీదే చెయ్యి వేసుకొని కూచున్నాడు, ఎవరో విప్పేస్తారన్నట్టు.

రైలుకు ఇంకా కొన్నాళ్ళుందనగా ఒక సాయంత్రం, రామలింగం లేచి చెప్పులేసుకుంటుంటే మున్షీ అన్నాడు.

"మొత్తానికి ఈయేడు పోత తమ్మీ."

"పోత అనొద్దు మున్షీ సాబ్. పోయొస్త అనాలె."

"వచ్చి ఏం జెయ్యాలె? ఈ బొక్క కిటికీల మల్ల కూసోవాల్నా?"

"మరి నేనో?"

మున్షీ లాంతరు వత్తి తగ్గించి, రామలింగం ముఖంలోకి చూశాడు.

"నీకు తిరిగొచ్చే వయసున్నది. నువ్వు పోయొస్త అను. నేనైతే పోత."

రామలింగానికి మనసు చివుక్కుమన్నది. ఆ రాత్రి 'వస్త' అని చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం చిన్న తలుపు తోస్తే లోపల లాంతరు లేదు. మున్షీ హోల్డాల్‌కు ఆనుకొని కూచున్నాడు. చెవుల చుట్టూ మఫ్లరు అట్లాగే ఉంది. కళ్ళు మూసుకొని ఉన్నాయి. ఒళ్ళు మాత్రం చల్లగా ఉంది.

దయ్యం ఇంట్లో చచ్చింది మనిషేనని గల్లీ వాళ్ళను నమ్మించడానికి తెల్లారి పొద్దెక్కింది. మోయడానికి నలుగురు కావాలి. రామలింగం ఒకడు, మిగతా ముగ్గురి కోసం ఇంటింటికీ తిరిగాడు. గల్లీ చివర రిక్షా పెట్టుకునే మొగులయ్య ముందుగా వచ్చి ఒక భుజం పట్టాడు. అప్పుడు ఇంకో ఇద్దరు కదిలారు. పురానాపూల్ దగ్గర కాల్చి వచ్చారు. కొరివి రామలింగమే పెట్టాడు.

ఆ రాత్రి దేవిడీ వెనక తలుపుకు తాళం వేసి, చాబీ జేబులో వేసుకున్నాడు. మున్షీ హోల్డాల్, దాని పక్కన తాను ముందే తెచ్చిపెట్టుకున్న హోల్డాల్, గోల్ఫ్ కర్ర లోపలే ఉండిపోయాయి. వాటిని ముట్టుకోడానికి చెయ్యి రాలేదు.

వెనకటి ఒంటరితనం ఆయనకు అలవాటైనదే. ఇప్పుడొచ్చింది అట్లాంటిది కాదు. రోజంతా మాటలు పోగవుతున్నాయి. దఫ్తర్లో ఇది జరిగింది, బజార్లో అది చూశాను, ఉన్ని టోపీ దొరికింది... సాయంత్రానికి చెప్పుకునే మనిషి లేడు. మళ్ళీ ఇరానీ హోటల్. ఎవరో వచ్చి కుర్చీ అడిగారు. తీసుకుపొమ్మన్నాడు.

రాత్రి రైలెక్కాల్సిన రోజు వచ్చింది. పోకూడదని నిశ్చయించుకున్నాడు. పక్కన మనిషి లేకుండా మంచు చూసి ఏం చేయాలి? రుక్మాబాయి కూడా అదే అన్నది. "ఇగనన్నా పీడ వదిలింది, హాయిగ ఇంట్ల పడుండు తమ్మీ."

దీపాలు పెట్టినాక హోటల్ నుంచి ఇంటికి బయల్దేరాడు. కాళ్ళు అలవాటుగా దేవిడీ గల్లీలోకే తిరిగాయి. గల్లీ నిర్మానుష్యం. ముందు దర్వాజాకు ఎప్పటి తాళం అట్లాగే. వెనక తలుపు చాబీ తన జేబులో.

కిటికీ కిందికి వచ్చాడు.

టక్!

రామలింగం ఆగిపోయాడు.

గడగడగడ... గడగడ...

ఆ చప్పుడు నెమ్మదించింది... ఇంకా దొర్లుతున్నది...

టంగ్!

పైన జాలీ కిటికీ నల్లగా ఉంది. దాని వెనక ఏమీ మెదల్లేదు. కానీ గొంతు వచ్చింది. ఈసారి మాటల మధ్య ఊపిరి తెగలేదు. దగ్గు లేదు. పడుచువాడి గొంతులా హాయిగా ఉంది —

"గుల్‌మర్గ్ చల్తే క్యా?"

భయం వేయలేదంటే అబద్ధం. కానీ కాళ్ళు ఉరకలేదు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే తల పైకెత్తి, గల్లీ అంతా వినపడేట్టు అన్నాడు —

"వస్త! వచ్చే వస్తనే, మున్షీ సాబ్!"

ఇక్కడి నుంచి మొగులయ్య చెప్పిన మాట.

గల్లీ మొగదల రిక్షా పెట్టుకొని బీడీ కాలుస్తున్నాడట. రామలింగం చీకట్లోంచి వచ్చాడు. రెండు భుజాలకు రెండు హోల్డాళ్ళు, చంకలో వంకర కర్ర.

"నాంపల్లి టేషన్ పోవాలె మొగులయ్యా. జల్ది."

"ఒక్కరేనా సార్?"

"ఇద్దరం."

మొగులయ్య ఆయన వెనక చూశాడు. ఎవరూ లేరు. దార్లో ఎక్కుతారేమోనని ఊరుకున్నాడు. సామాను కాళ్ళ దగ్గర సర్దాడు. రామలింగం ఎక్కాడు, రిక్షా కుంగింది. ఆయన సీటులో ఒక పక్కకు జరిగి, పక్కన చోటు వదిలాడు. ఒక్క క్షణం ఆగి... రిక్షా మళ్ళీ కుంగింది.

"నా ఒళ్ళు గజగజ వణికింది బిడ్డా," అన్నాడు మొగులయ్య. "గని ఏమనాలె? తొక్కిన. చార్మినార్ దాటెవరకే చెమటలు పట్టినై. నయాపూల్ కాడ కిందికి దిగి నూకిన. ఎనక సార్ మెల్లగ మాట్లాడుతనే ఉన్నడు. నడుమ నడుమ నవ్వుతున్నడు. నేను తిరిగి చూడలే. చూసుడెందుకు? నా భుజం మీద మోసిన మనిషే గదా. గా బరువు నాకు ఎర్కనే."

ఆ రాత్రి తర్వాత దేవిడీ కిటికీ ఎవర్నీ పిలవలేదు.

సెలవు అయిపోయే ముందు, ఒక సాయంత్రం నాంపల్లిలో రైలు దిగిన రామలింగం కోసం మొగులయ్య తానే ఎదురెళ్ళాడు. ఆయన ముఖం చలికి కమిలి ఉంది. కళ్ళు మాత్రం నిండుగా ఉన్నాయి. చేతిలో ఒకటే హోల్డాల్. గోల్ఫ్ కర్ర లేదు.

రామలింగం రిక్షా ఎక్కి సీటు మధ్యలో కూచున్నాడు. రిక్షా ఒక్కసారే కుంగింది. నయాపూల్ దగ్గర మొగులయ్య దిగాల్సిన పని పడలేదు. వంతెన దాటాక ఇంక ఉండబట్టలేక, ముందుకే చూస్తూ అడిగాడు.

"సార్... వచ్చేటప్పుడు ఒక్కరేనా?"

రామలింగం కాళ్ళ దగ్గరి హోల్డాల్ పట్టీ సవరించాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఆయన పోత అన్నడు మొగులయ్యా. పోయొస్త అనలే గదా."